జనరల్ అంటే ఎవరు?

గత విద్యాసంవత్సరం ఆరంభంలో ఒక సాయంత్రం, తరగతులు ముగిశాక, ఎం.ఏ. మొదటి సంవత్సరం విద్యార్థిని ఒకరు నా గది గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రమ్మంటే వచ్చింది గానీ కూర్చోలేదు. "సార్, నేను అబద్ధం చెప్పానా?" అని అడిగింది. విషయం ఏమిటంటే, హాస్టల్లో పరిచయాలు జరుగుతున్నప్పుడు ఎవరి సీటు ఏ కేటగిరీలో వచ్చిందన్న మాట వచ్చిందట. తనది జనరల్ సీటని ఈమె చెప్పింది. అది నిజమే. ప్రవేశ పరీక్షలో ఆమెకు వచ్చిన ర్యాంకు ఓపెన్ సీట్ల పరిధిలోనే ఉంది, ఎస్సీ కోటాతో నిమిత్తం లేకుండానే సీటు దక్కింది. కానీ ఆమె ఇంటిపేరూ ఊరూ తెలిసిన సహవిద్యార్థిని ఒకరు నవ్వి, "ఎస్సీ అయి ఉండి జనరల్ ఎలా అవుతావు?" అన్నదట. గదిలో మిగిలినవారూ నవ్వారట.

అబద్ధం చెప్పలేదమ్మా అని ఆమెకు చెప్పి పంపించాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదిలిపెట్టలేదు. ఆ నవ్విన పిల్లలు దుర్మార్గులు కారు. వారు పుట్టి పెరిగిన తెలుగు సమాజంలో 'జనరల్' అనే మాటకు ఉన్న అర్థమే వారికి తెలుసు. చట్టంలో ఆ మాటకు ఉన్న అర్థం వేరు, సమాజం దానికి అంటగట్టిన అర్థం వేరు. ఈ రెండు అర్థాల మధ్య ఉన్న దూరంలోనే ఆ విద్యార్థిని ఒంటరిగా నిలబడి ఉంది.

జనరల్ అన్నంతగా తెలుగులో కలిసిపోయిన ఇంగ్లీషు మాటలు కొద్దిగానే ఉంటాయి. వీధి చివర కిరాణా అండ్ జనరల్ స్టోర్స్, పోటీ పరీక్షలకు జనరల్ నాలెడ్జ్, సంఘానికి జనరల్ బాడీ, కంపెనీకి జనరల్ మేనేజర్, దేశానికి అటార్నీ జనరల్, సైన్యానికి జనరల్. రైలుకు జనరల్ బోగీ, జిల్లాకు జనరల్ ఆసుపత్రి, అయిదేళ్ళకోసారి జనరల్ ఎలక్షన్లు. లాటిన్ భాషలో పుట్టుకను, వంశాన్ని, జాతిని సూచించే మాట నుంచి ఇది వచ్చింది. ఒక జాతి మొత్తానికి వర్తించేది అని దాని తొలి అర్థం. సైన్యాధిపతిని జనరల్ అనడం కూడా ఈ అర్థంలోంచి వచ్చినదే, ఏదో ఒక దళానికి కాక మొత్తం సేనకు అధిపతి అని. భాషాశాస్త్రం ప్రకారం ఈ మాటకూ, సంస్కృతం ద్వారా మనకు వచ్చిన జనం, జన్మ, జాతి అన్న మాటలకూ మూలం ఒక్కటే. అంటే జనరల్, జనం, జాతి అనేవి ఒకే ఇంటి బిడ్డలు. ఆ మాట జనం వైపు నిలబడిందా, జాతి వైపు నిలబడిందా అన్నదే ఇక్కడి ప్రశ్న.

నా బాల్యంలో జనరల్ అనే మాట నాకు మొదట పరిచయమైంది రైలులో. మిరపకాయల కోతల కాలంలో మా అమ్మతో పాటు వలస వెళ్ళేటప్పుడు మేము ఎక్కేది జనరల్ బోగీ. కాలు పెట్టే చోటు ఉండేది కాదు. పక్కనే ఉన్న పెట్టెల్లో మనుషులు హాయిగా పడుకుని ఉండేవారు. అవేమిటని అడిగితే, "అయ్యి రిజర్వేషన్ పెట్టెలయ్యా, మనం ఎక్కగూడదు" అని అమ్మ చెప్పింది. రెండోసారి ఆ మాట ఎదురైంది ఆసుపత్రిలో. జిల్లా కేంద్రంలోని జనరల్ ఆసుపత్రిలో ఓపీ చీటీ కోసం తెల్లవారుజామున నిలబడిన వరుసలో మా పేటవాళ్ళూ, మాలాంటి పేటలవాళ్ళే ఉండేవారు. ఆ విధంగా జనరల్ అంటే బీదవాళ్ళదని, రిజర్వేషన్ అంటే డబ్బున్నవాళ్ళదని పదేళ్ళ వయసులో నేను అర్థం చేసుకున్నాను.

కళాశాలలో చేరిన రోజున నోటీసు బోర్డు దగ్గర ఆ అర్థం తలకిందులైంది. అక్కడ రిజర్వేషన్ జాబితాలో నా పేరుంది, జనరల్ జాబితాలో ఊరి పెద్దల పిల్లల పేర్లున్నాయి. ఒకే జంట మాటలు రైల్వే స్టేషన్లో ఒక విధంగానూ, కళాశాలలో మరొక విధంగానూ ఎలా మారాయి? ఇన్నేళ్ళ అధ్యయనం తరువాత నాకు తోచిన సమాధానం ఇది. ఇరుకునూ, నిరీక్షణనూ, అగౌరవాన్నీ పంచుకోవలసిన చోట జనరల్ అంటే అందరూ. సీటునూ, కొలువునూ, పదవినీ పంచుకోవలసిన చోట జనరల్ అంటే కొందరు. మాట మారలేదు, పంచుకునే వస్తువు మారింది.

ఈ మాటకు మన రాజకీయ చరిత్రలో ఉన్న స్థానం చిన్నది కాదు. 1932లో బ్రిటిష్ ప్రభుత్వం ప్రకటించిన కమ్యూనల్ అవార్డు అణగారిన వర్గాలకు ప్రత్యేక నియోజకవర్గాలను ఇచ్చింది. గాంధీజీ నిరాహారదీక్ష పూనారు. సెప్టెంబర్ 24న పూనా ఒప్పందం కుదిరింది. ప్రత్యేక నియోజకవర్గాలను వదులుకున్నందుకు ప్రతిగా, ప్రాంతీయ శాసనసభల్లోని జనరల్ స్థానాల నుంచి 148 స్థానాలను అణగారిన వర్గాలకు కేటాయించారు. అందులో మద్రాసు రాష్ట్రం వాటా 30. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఆ ఒప్పందంలో జనరల్ అనే మాట అంటరానివారిని బయట ఉంచే మాట కాదు, లోపలికి చేర్చుకునే మాట. మీరు వేరు కాదు, జనరల్‌లో భాగమే అని వాగ్దానం చేసి, అంబేద్కర్ చేత ప్రత్యేక నియోజకవర్గాలను వదిలింపజేశారు. తొంభై ఏళ్ళు గడిచాక అదే మాటను చూపించి, మీరు జనరల్ ఎలా అవుతారని వారి మునిమనుమరాళ్ళను అడుగుతున్నాము. దీన్ని మాట తప్పడం అనక మరేమనాలి?

ఈ ప్రశ్న స్వతంత్ర భారతదేశంలో న్యాయస్థానం ముందుకు వచ్చింది మన నేల మీది ఎన్నిక ద్వారానే అన్న సంగతి మన విద్యార్థులలో చాలామందికి తెలియదు. 1957 లోక్‌సభ ఎన్నికల్లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గం. ఒక స్థానం షెడ్యూల్డ్ తెగలకు రిజర్వు, రెండోది జనరల్. అప్పటికే కేంద్ర కార్మిక మంత్రిగా పనిచేసిన వి.వి. గిరి పోటీలో ఉన్నారు. ఓట్లు లెక్కించేసరికి మొదటి రెండు స్థానాల్లో నిలిచినవారు ఇద్దరూ గిరిజన అభ్యర్థులే, బి. సత్యనారాయణ దొర, డిప్పల సూరి దొర. గిరి కొద్ది వందల ఓట్ల తేడాతో మూడో స్థానంలో ఉన్నారు. ఎక్కువ ఓట్లు వచ్చిన గిరిజన అభ్యర్థిని రిజర్వు స్థానానికీ, రెండో అభ్యర్థిని జనరల్ స్థానానికీ గెలిచినట్లు ప్రకటించారు. రిజర్వు స్థానం కోసం నామినేషన్ వేసిన గిరిజనుడు జనరల్ స్థానానికి ఎన్నికవడం చెల్లదని గిరి న్యాయపోరాటం చేశారు. 1959లో సుప్రీంకోర్టు ఆ వాదాన్ని తోసిపుచ్చింది. రిజర్వేషన్ ఉన్నంత మాత్రాన గిరిజనుడికి జనరల్ స్థానం మీద ఉన్న హక్కు పోదని తేల్చింది. ఆ తరువాత రెండేళ్ళకు, 1961లో, ద్విసభ్య నియోజకవర్గాలనే రద్దు చేశారు. గిరి 1969లో రాష్ట్రపతి అయ్యారు. సూరి దొర పేరు మాత్రం న్యాయశాస్త్ర గ్రంథాల్లో మిగిలింది. ఇందులో వ్యక్తుల మీద నిందేమీ లేదు. అంతటి ప్రజానాయకుడు, కార్మికోద్యమ నేత సైతం జనరల్ స్థానం తనలాంటివారిదేనని సహజంగా భావించగలిగారంటే, ఆ భావన వేళ్ళు ఎంత లోతుకు దిగాయో తెలుస్తుంది.

ఉద్యోగాల విషయంలోనూ న్యాయస్థానాలు ఇదే చెబుతూ వచ్చాయి. 1992 నాటి ఇంద్రా సాహ్నీ తీర్పులో, రిజర్వుడు వర్గాల అభ్యర్థి ప్రతిభ ప్రాతిపదికన బహిరంగ పోటీలో ఎంపికైతే ఆ పోస్టును రిజర్వేషన్ కోటాలో లెక్కించరాదని స్పష్టం చేశారు. 1995లో ఆర్.కె. సభర్వాల్ కేసు దీనినే రోస్టరుకు అన్వయించింది. 2020 డిసెంబరులో సౌరవ్ యాదవ్ కేసులో ఇదే సమస్య మళ్ళీ తలెత్తింది. ఉత్తరప్రదేశ్ పోలీసు కానిస్టేబుళ్ళ నియామకంలో, జనరల్ మహిళల జాబితాలో ఎంపికైన వారి కంటే ఎక్కువ మార్కులు వచ్చిన ఓబీసీ మహిళలకు ఉద్యోగాలు రాలేదు. జనరల్ మహిళల పోస్టులు వేరే మహిళలవన్న తర్కంతో వారిని పక్కన పెట్టారు. ఓపెన్ అనేది ఒక కోటా కాదని, అది స్త్రీపురుషులందరికీ తెరిచి ఉన్న పోటీ అని, ఒక్కొక్క వర్గాన్ని దాని గడిలోనే బంధిస్తే అది కులాల వారీ పంపకమే అవుతుందని న్యాయమూర్తులు యు.యు. లలిత్, ఎస్. రవీంద్ర భట్, హృషికేశ్ రాయ్ ధర్మాసనం తేల్చి చెప్పింది. ఆరు దశాబ్దాల కిందట తీరిందనుకున్న వివాదాన్ని మళ్ళీ తీర్చవలసి వచ్చిందంటే, తప్పు న్యాయసూత్రంలో లేదు, ఆ మాటను చదివే కళ్ళలో ఉంది.

లెక్క ఇలా చూద్దాం. కేంద్ర విద్యాసంస్థల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం, ఓబీసీలకు 27 శాతం, ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకు 10 శాతం. మొత్తం 59.5. మిగిలిన 40.5 శాతం ఎవరిది? పరీక్ష రాసిన ప్రతి ఒక్కరిదీ. ఎస్సీ విద్యార్థి అయినా, బ్రాహ్మణ విద్యార్థి అయినా మార్కుల వరుసలో అక్కడ నిలబడవచ్చు. ఆ భాగాన్ని కూడా ఒక కోటాగా మార్చి కొన్ని కులాల ఖాతాలో వేస్తే ఏమవుతుంది? మంచి ర్యాంకు తెచ్చుకున్న ఎస్సీ విద్యార్థిని ఎస్సీ కోటాలోకి నెడతారు. దానివల్ల ఆ కోటాలో చివరి సీటు రావలసిన మరో ఎస్సీ బిడ్డ బయటకు పోతుంది. రిజర్వేషన్ అనేది కనీస హామీగా మొదలై గరిష్ఠ పరిమితిగా మారిపోతుంది. కింది అంతస్తుగా వేసిన నేలే నెత్తి మీద పైకప్పు అయి కూర్చుంటుంది.

మన తెలుగు రాష్ట్రాల్లో ఈ మాటకు మరో రూపం ఉంది, ఓసీ. సర్వీసు నిబంధనల్లో, రోస్టరు పట్టికలో ఓసీ అంటే ఓపెన్ కాంపిటీషన్, అంటే బహిరంగ పోటీ. అది పోటీ పేరే తప్ప మనుషుల పేరు కాదు. కానీ మన నాలుక మీద అది మనుషుల పేరైపోయింది. 'వాళ్ళు ఓసీలు' అంటాము. ఓ అంటే అదర్, సీ అంటే క్యాస్ట్స్ అని విడమరచి చెప్పేవారినీ నేను విన్నాను. ఒక పోటీ పద్ధతికి పెట్టిన పొడి అక్షరాలు ఒక కులసమూహానికి ఇంటిపేరయ్యాయి. జాతీయ స్థాయిలో ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష దరఖాస్తులో విద్యార్థి తనను తాను జనరల్ అని రాసుకుంటాడు. అదే సీట్ల కేటాయింపు దగ్గరకు వచ్చేసరికి సీటు పేరు ఓపెన్. సీటుకు ఓపెన్ అని సరైన పేరే పెట్టారు. మనిషికి జనరల్ అని పేరు పెట్టడంలోనే పొరపాటు జరిగింది. నేను జనరల్ అని రాసుకున్న పిల్లవాడు, జనరల్ సీటు తనదేనని అనుకోకుండా ఎలా ఉంటాడు?

ఇది నా స్వానుభవం కూడా. నేను అధ్యాపకుడిగా ఎంపికైంది ఓపెన్ పోస్టుకు. చేరిన మొదటి వారంలోనే ఒక పెద్దాయన ఎంతో ఆప్యాయంగా, "మీది బ్యాక్‌లాగ్ పోస్టేగా మాష్టారూ?" అని అడిగారు. "కాదండీ, ఓపెన్" అన్నాను. ఆయన క్షణం ఆలోచించి, "ఓహో, ఓసీ ఖాళీలో మిమ్మల్ని సర్దుబాటు చేశారన్నమాట" అన్నారు. ఆయనకు నన్ను అవమానించే ఉద్దేశం లేదని ఈనాటికీ నమ్ముతాను. అయితే రిజర్వేషన్లో వస్తే అర్హత లేదని, ఓపెన్‌లో వస్తే ఎవరిదో ఆక్రమించానని అనిపించుకునే మనిషి ఇక ఏ తలుపులోంచి లోపలికి రావాలి? అసలు రిజర్వేషన్లో రావడమూ నామోషీ కాదు, అది రాజ్యాంగం ఇచ్చిన హక్కు. బాధంతా ఏమిటంటే, ఏ తలుపులోంచి వచ్చినా ఇల్లు తమదేననుకునేవారు వరండాలో కూర్చుని లెక్క అడుగుతూ ఉండటం.

పల్లెల్లో ఈ మాట మరింత కఠినమైన పని చేస్తుంది. 73వ రాజ్యాంగ సవరణ తరువాత సర్పంచ్ పదవులకు రిజర్వేషన్లు మారుతూ వస్తాయి. ఒకసారి ఎస్సీ, మరోసారి బీసీ, ఇంకోసారి జనరల్. మా ఊరి సర్పంచ్ పదవి జనరల్ అయినట్లు ప్రకటన వచ్చిన రోజు మా బాబాయి ఫోన్ చేసి, "ఈసారి మనకి లేదంటరా, జనరల్ అయిపోయింది" అన్నాడు. "లేకపోవడమేంటి బాబాయ్, జనరల్ అంటే మనమూ నిలబడొచ్చు" అన్నాను. "చట్టం నిలబడమంటదిలే అబ్బాయ్, ఊరు నిలబడనియ్యాలిగా" అన్నాడు. మూడు దశాబ్దాల పంచాయతీరాజ్ అనుభవాన్ని ఇంతకంటే క్లుప్తంగా నేను ఏ పరిశోధన పత్రంలోనూ రాయలేకపోయాను. శాసనసభల సంగతీ ఇంతే. ఆంధ్రప్రదేశ్‌లో 175 స్థానాలకు 29 ఎస్సీలకు, 7 ఎస్టీలకు రిజర్వు. తెలంగాణలో 119కి 19, 12. మిగిలిన వందల స్థానాలు చట్టం దృష్టిలో అందరివీ. కానీ టికెట్లు పంచే గదుల్లో వాటిని జనరల్ అంటే, దళితుడి పేరు పరిశీలించనక్కరలేనివి అని అర్థం. 2024లో అయోధ్య నగరం ఉన్న ఫైజాబాద్ జనరల్ లోక్‌సభ స్థానం నుంచి దళిత నాయకుడు అవధేశ్ ప్రసాద్ గెలిస్తే దేశమంతా వింతగా చెప్పుకున్నది. చట్టప్రకారం అందులో వింతేమీ లేదు. వింత అనిపించడమే మన సమాజం గురించి సాక్ష్యం చెబుతోంది.

2019లో 103వ రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన 10 శాతం ఈడబ్ల్యూఎస్ రిజర్వేషన్ ఈ మాటకు కొత్త కంచె వేసింది. అప్పటివరకు జనరల్ అనేది సమాజం ఊహించుకున్న సమూహమే గానీ రాజ్యాంగం గుర్తించినది కాదు. ఇప్పుడు ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్ల పరిధిలో లేనివారిలోని పేదలు అనే నిర్వచనంతో, దాదాపుగా ఆ సమూహానికే చట్టబద్ధమైన ఆకారం వచ్చింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో దీనిని సమర్థించింది. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ పేదలను మినహాయించడాన్ని తప్పుపట్టి విభేదించిన ఇద్దరు న్యాయమూర్తులూ, రవీంద్ర భట్, యు.యు. లలిత్, రెండేళ్ళ ముందు ఓపెన్ అంటే అందరిదీ అని చెప్పిన ధర్మాసనంలోనివారే. వారి రెండు అభిప్రాయాల వెనుకా ఉన్నది ఒకే విలువ అని నాకనిపిస్తుంది. తలుపు తెరిచి ఉందని చెప్పినప్పుడు, అది ఎవరి ముఖం మీదా మూసుకోకూడదు.

అగ్రకులాల్లోని పేద విద్యార్థి వైపు నుంచి ఒక మాట వినిపిస్తుంది. రిజర్వుడు వర్గాలవారు తమ కోటాలోనూ తీసుకుని, జనరల్‌లోనూ తీసుకుంటే మేమెక్కడికి పోవాలి అని. ఆ ఆవేదనను తేలిగ్గా తీసుకోకూడదు. నేను ఎక్కిన జనరల్ బోగీలో అతడి తండ్రి కూడా ఎక్కి ఉండవచ్చు. అయితే ఒక అభ్యర్థి ఒక్క సీటే తీసుకుంటాడు, రెండు తీసుకోడు. ఓపెన్‌లో వచ్చినవాడు కోటా సీటును మరొకరికి వదిలి వస్తున్నాడు. వయోపరిమితి వంటి సడలింపులు వాడుకున్నవారు ఓపెన్‌లోకి రావచ్చా అన్నది వేరే ప్రశ్న. ఆయా నియామకాల నిబంధనలను బట్టి న్యాయస్థానాలు భిన్నంగా తీర్పు చెప్పాయి. 2010లో ఉత్తరప్రదేశ్ నిబంధనల కింద అనుమతించిన సుప్రీంకోర్టు, 2017లో దీపా కేసులో అక్కడి నిబంధనల కింద అనుమతించలేదు. కానీ ఏ సడలింపూ లేకుండా సమాన కొలమానం మీద ఎక్కువ మార్కులు తెచ్చుకున్న విద్యార్థినికి, నీ కులం వల్ల ఈ సీటు నీది కాదని చెప్పడాన్ని ప్రతిభ పేరుతో ఎలా సమర్థిస్తారు? నిరంతరం ప్రతిభ గురించి మాట్లాడేవారు, ప్రతిభ దళితవాడ నుంచి నడిచి వచ్చిన రోజున కులధ్రువీకరణ పత్రం అడగడం న్యాయమా? నిజానికి జనరల్ అనే పేరు ఆ పేద అగ్రకుల విద్యార్థినీ మోసం చేస్తోంది. ఎన్నడూ తన ఒక్కడివి కాని సీట్లను తనవని నమ్మించి, ఎవరో దోచుకున్నారన్న కోపాన్ని మాత్రమే అతడి చేతికి ఇస్తోంది.

మార్చగలిగినవి కొన్ని ఉన్నాయి. దరఖాస్తుల్లో అభ్యర్థి వర్గం రాసే చోట జనరల్, ఓసీ అన్న మాటలు తీసివేసి, రిజర్వేషన్ వర్తించదు అని రాయించవచ్చు. సీట్లకూ పోస్టులకూ ఎలాగూ ఓపెన్ అన్న మాట ఉంది. తెలుగులో అందరి పోటీ అంటే ఇంకా బాగుంటుంది. ఎంపిక జాబితా ప్రకటించేటప్పుడు, ముందుగా కులంతో నిమిత్తం లేకుండా ప్రతిభా క్రమంలో ఓపెన్ జాబితాను నింపి, తరువాతనే కోటాలు నింపినట్లు నోటీసు బోర్డు మీదే స్పష్టంగా చూపాలి. పంచాయతీ ఎన్నికల ప్రకటనలో జనరల్ అన్న ప్రతిచోటా అన్ని వర్గాలవారూ పోటీకి అర్హులే అన్న వాక్యం ఉండాలి. ఆ ఒక్క వాక్యంతో ఊరు మారిపోతుందని నేను అనను. కానీ బాబాయి లాంటివాడు ఆ కాగితాన్ని చేతిలో పట్టుకుని రచ్చబండ దగ్గర మాట్లాడగలుగుతాడు.

ఆ విద్యార్థిని కొన్ని వారాల తరువాత మళ్ళీ కనిపించింది. పార్వతీపురం కేసు గురించి నేను తరగతిలో చెప్పిన రోజది. వెళ్ళిపోతూ ఆగి, "సార్, ఇకమీదట ఎవరన్నా అడిగితే జనరల్ సీటు అని చెప్పను" అంది. నొచ్చుకున్నదేమోనని, ఎందుకమ్మా అన్నాను. "ఓపెన్ సీటు అని చెప్తాను సార్. జనరల్ అంటే ఎవరని వాళ్ళనే అడుగుతాను" అంది. నవ్విన పిల్లలు దానికి ఏం జవాబు చెబుతారో నాకు తెలియదు. కానీ ఆ ప్రశ్న ఇన్నాళ్ళూ అడగవలసిన దిక్కు నుంచి కాక, అడగకూడని దిక్కు నుంచి వస్తూ ఉండేది. ఇకనైనా జవాబు చెప్పవలసింది ఆమె కాదు.